చీనీకాయలు కడిగిన నీళ్లు

జూలై 30, మంగళవారం

ప్రియ ఏడో తరగతి సైన్సు నోటుబుక్కులో వెనక సగం ఖాళీ. పాత సామానువాడికి వెయ్యడానికి మనసొప్పక దాచాను. ఇవాళ్టి నుంచి ఇందులో రాసుకుంటాను. ఇంట్లో ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడదామంటే మా ఆయనకు పురుగులు, అత్తమ్మకు పురుగులు. షెడ్డులో పట్టుపురుగులు ఉన్నన్నాళ్లు ఈ ఇంట్లో మనుషులం వాటి తర్వాతే. నోటుబుక్కు మైదా డబ్బా కింద పెడతాను. ఆ డబ్బా జోలికి ఎవరూ రారు.

ప్రియను హిందూపురం హాస్టల్లో చేర్పించి యాభై రోజులు దాటింది. ఒకసారి చూడ్డానికి పోయాం. వాళ్ల నాయనతోనే మాట్లాడింది, నా వైపు తిరగనైనా తిరగలేదు. చేర్పించాలని పట్టుబట్టింది నేనే కదా మరి. ఇక్కడే ఉంటే పొద్దునా సాయంత్రం మల్బరీ ఆకు కోస్తూ కూర్చుంటుంది, చదువు అటకెక్కుతుంది అని నేనే గొడవ చేశాను. నా బిడ్డ బాగుకే చేశాను. పదమూడేళ్ల పిల్లకు ఆ సంగతి ఇప్పుడే అర్థం కావాలని లేదు.

నిన్న వార్డెన్ ఫోన్ నుంచి చేసింది. "మేరీ వాళ్లమ్మ ఆరెంజ్ రోల్స్ చేసుకొని వచ్చింది. నువ్వూ చేసుకొని రా" అని పెట్టేసింది. బాగున్నావా అని లేదు. అయినా సరే, అడిగింది. నన్ను అడిగింది.

రెండో ఆదివారం పిల్లల్ని చూడనిస్తారు. అంటే ఆగస్టు 11. పన్నెండు రోజులుంది.

మధ్యాహ్నం మొదటిసారి చేశాను. ఫోన్లో చూపించే ఆమె నవ్వుతూ "చాలా ఈజీ, ఇంట్లోనే" అంటుంది. మైదా, గోరువెచ్చని పాలు, ఈస్టు, చక్కెర, వెన్న. పిసికి మూతపెడితే గంటలో రెండింతలు పొంగుతుందట. దాన్ని పల్చగా పరిచి, వెన్న రాసి, చక్కెరా తురిమిన నారింజ తొక్కా చల్లి, చాప చుట్టినట్టు చుట్టి, ముక్కలు కోసి కాల్చాలి. ఆమెకు ఓవెన్ ఉంది. నాకు ఐదు లీటర్ల కుక్కరు, అడుగున ఇసుక ఉన్నాయి. నారింజకు బదులు బత్తాయిలు, అంటే మా చీనీకాయలు. మా వైపు చీనీ ఉండగా నారింజ ఎవరికి కావాలి!

పొంగలేదు. కాల్చితే రాయి. అత్తమ్మ ఒకటి తీసుకుని గడపకు కొట్టి చూసి, "గట్టిగానే ఉండాదిలే, తలుపుకు అడ్డం పెట్టుకో" అంది.

ఆగస్టు 1, గురువారం

పాలు మరీ వేడి చేశాను, ఈస్టు చచ్చింది. అదీ ప్రాణమున్నదేనట. ఈ ఇంట్లో అన్నీ ప్రాణమున్నవే, నా చేతికి వచ్చినవే చస్తాయి.

ఆగస్టు 4, ఆదివారం

పొంగింది! గిన్నె మీద కప్పిన గుడ్డను తోసుకుని పైకి వచ్చింది. కాల్చితే మెత్తగా, దూదిలా. నోట్లో పెట్టుకుంటే చేదు విషం. తొక్క కింద ఉండే తెల్లటిది కూడా తురిమేశానట. పైపైన పచ్చటిది మాత్రమే తురమాలి.

అత్తమ్మ సగం తిని పక్కన పెట్టింది. ఆమె పొద్దున్నించి కోపంగానే ఉంది. నాకు కారణం తెలుసు. ఆమెకు వక్కాకులో పొగాకు పడనిదే పొద్దు గడవదు. కానీ పురుగులు షెడ్డులోకి వచ్చిన రోజే పొగాకు కాగితంలో చుట్టి పక్కింటి కదిరమ్మకు ఇచ్చేస్తుంది. పట్టుగూళ్లు మార్కెట్టుకు పోయాకే మళ్లీ తెచ్చుకుంటుంది. పొగాకు ముట్టిన చెయ్యి ఆకును ముడితే, ఆ ఆకు తిన్న పురుగు బతకదు. నలభై ఏళ్లుగా ఇదే వ్రతం. నా పెళ్లయిన పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా తప్పడం నేను చూడలేదు.

ఆమె వ్రతం ఆమెది, దాని చిరాకు మాత్రం మా అందరిదీ. షెడ్డు దగ్గర తాళింపు పెట్టకూడదు, అగరుబత్తి వెలిగించకూడదు, వాసన సబ్బు రుద్దుకుంటే ఆ పూట ఆకు ముట్టకూడదు. ఇక నీళ్ల సంగతి సరేసరి. బియ్యం కడిగిన నీళ్లు ఆవుకు. గిన్నెలు కడిగినవి కరివేపాకు చెట్టుకు. కూరగాయలు కడిగినవి ఆకు కుప్ప మీద కప్పే గోనెపట్టలకు. కాపురానికి వచ్చిన రెండో రోజు కాళ్లు కడుక్కున్న నీళ్లు వాకిట్లో పారబోశానని ఊరంతా వినేటట్టు అరిచింది. అప్పటి నుంచి నా చేత్తో ఒక్క చెంబు నీళ్లు వృథా పోలేదు.

ఆగస్టు 7, బుధవారం

పురుగులు నాలుగో జ్వరం లేచాయి. నిన్నంతా మేత ముట్టకుండా పడుకుని, ఇవాళ కొత్త తోలుతో లేచి తలలు ఆడిస్తున్నాయి. ఇదే ఆఖరి జ్వరం. ఇంక వారం రోజులు తినడమే వాటి పని, ఆ తర్వాత గూడు కట్టుకుంటాయి. ఈ వారంలో ఏం జరిగినా పంట మొత్తం పోయినట్టే. షెడ్డులోకి పోతే మేస్తున్న చప్పుడు చిన్న వాన పడుతున్నట్టు ఉంది.

అల్లాబక్ష్ అన్న తన తోట నుంచి సంచెడు చీనీకాయలు తెచ్చి ఇచ్చాడు. "మొన్ననే మందు కొట్టినామమ్మా, తొక్క తీసుకొని తినండి" అన్నాడు. నాకు తొక్కే కావాలన్నా, లోపలున్నది ఎవరికైనా ఇచ్చేస్తానన్నాను. ఆయన నవ్వి, "తొక్క తినేదేందమ్మా కొత్తగా! అట్లయితే బకెట్లో నానబెట్టి బాగా రుద్ది కడుగు" అన్నాడు.

ఆగస్టు 10, శనివారం

కుదిరాయి! కుదిరాయి! కుదిరాయి!

ఎట్లా చేశానో రాసి పెట్టుకోవాలి, మళ్లీ మరిచిపోతాను. పాలు వేలు పెట్టి ఓర్చుకునేంత వేడి, అంతకు మించకూడదు. ఈస్టు పది నిమిషాలు నురగ కట్టాలి. రెండు గ్లాసుల మైదాకు పెద్ద చెంచా వెన్న. చీనీకాయలు బకెట్లో గంటసేపు నానబెట్టి, రుద్ది, గుడ్డతో తుడిచాను. పైపై తొక్క ఎనిమిది కాయలది తురిమాను. తురుము చక్కెరలో వేసి వేళ్లతో నలిపితే చక్కెర పచ్చబడి వంటిల్లంతా చీనీ వాసన. చుట్టి, దారంతో ముక్కలు కోశాను, కత్తితో కోస్తే అణిగిపోతున్నాయి. రేకుకు వెన్న రాసి, కుక్కరులో సన్నమంట మీద నలభై నిమిషాలు. చల్లారాక పొడి చక్కెరలో చీనీరసం కలిపి పైన పోశాను.

మధ్యలో అత్తమ్మతో తిట్లు. మా ఆయన మోటారు బాగు చేయించడానికి పెనుకొండ పోయాడు. నేను పిండి ముందు నుంచి లేవలేదు. సాయంత్రం మేత వేళకు నేను పోకపోతే నా వంతు పడమటి పక్క అరలకు ఆమే వేసింది. వచ్చి తలుపు దగ్గర నిలబడి, "పురుగులు తలకాయలెత్తి చూస్తాండాయి, నువ్వు ఈడ పిండి పిసుకుతాండావా? నాకు మోకాళ్లు పడిపోయినాయి. తూర్పు పక్క నువ్వు పోయి వెయ్యి" అంది. చేతులు కడుక్కుని పరుగెత్తాను. ఆకు కుప్ప మీద గోనెపట్టలు ఎండిపోయి ఉన్నాయి. చీనీకాయలు నానబెట్టిన బకెట్టు చేతికి అందేంత దూరంలోనే ఉంది, ఎత్తి చల్లేశాను. పది నిమిషాల్లో కుప్పలో మిగిలిన ఆకంతా తూర్పు పక్క మూడు అరలకూ వేసి వచ్చి కుక్కరు పెట్టాను.

పద్నాలుగు వచ్చాయి. పన్నెండు ప్రియకు. ఒకటి ఆయనకు. ఒకటి అత్తమ్మకు ఇస్తే వాసన చూసి, "పంట దిగినాక తింటాలే" అని పక్కన పెట్టింది. పంతం.

ఆగస్టు 11, ఆదివారం

తినింది! మూత తీయగానే వాసన చూసి నా మొహం వైపు చూసింది. రెండు నెలల తర్వాత. వేళ్లకు అంటిన చక్కెర నాకుతూ, "మేరీ వాళ్లమ్మ చేసినదానికన్నా బాగుండాది. ఆమె ఎసెన్సు పోస్తుంది" అంది. మేరీకి రెండు ఇచ్చింది. వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి కూడా చీనీ వాసన వస్తా ఉందమ్మా అని ముక్కు దగ్గర పెట్టుకుంది. హిందూపురం నుంచి పెనుకొండ దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను, పక్కనామె ఏమైందని అడిగితే సంతోషం అన్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన షెడ్డు ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. రేపు రాస్తాను.

ఆగస్టు 12, సోమవారం

తూర్పు పక్క మూడు అరలూ పోయాయి.

ఆగస్టు 13, మంగళవారం

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. ఆదివారం పొద్దున నేను బస్సెక్కేటప్పటికే మొదలైందట. పురుగులు తలలు పైకెత్తి ఊపాయట. తర్వాత పచ్చనీళ్లు కక్కాయి. తర్వాత ముడుచుకుపోయాయి. నేను చూసేసరికి అరల మీద ఆకు ఆకులాగే ఉంది, దాని మీద పురుగులు చిటికెన వేలంత వంకరపోయి ఉన్నాయి. పడమటి పక్క ఎప్పటిలా మేస్తున్నాయి. ఒక వైపు చప్పుడు, ఒక వైపు ఏమీ లేదు. ఆ షెడ్డు మధ్యలో నిలబడటం నా వల్ల కాలేదు.

ఈ రోజు పట్టు ఆఫీసు నుంచి ఒక సారు వచ్చి చూసి, "ఇది రోగం కాదు. మందు తగిలింది, లేకపోతే పొగాకు" అన్నాడు. మందు మా తోటలో కొట్టం. ఆ పక్క ఈ పక్క కూడా ఈ నెలలో ఎవరూ కొట్టలేదు.

సారు అటు పోగానే మా ఆయన నేరుగా ఇంట్లోకి పోయి, మేకుకు తగిలించిన అత్తమ్మ వక్కాకు తిత్తి తీసి చాప మీద బోర్లించాడు. వక్కలు, సున్నం డబ్బీ. ఆ తర్వాత కాగితం పొట్లం. విప్పితే పొగాకు.

అత్తమ్మ మొహంలో నెత్తురు లేదు. "ముట్టలే కేశవా. ఇద్దామంటే కదిరమ్మ ఊర్లో లేదు, కూతురింటికి పోయింది. అందుకే తిత్తిలోనే ఉండిపోయింది" అంది.

"ఒక్కసారి కూడా ముట్టలేదా?"

ఆమె అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. "ఒక్కసారి పొట్లం విప్పి వాసన చూసినా. నోట్లో పెట్టుకోలే. చెయ్యి కడుక్కొనే పోయినా" అంది.

"ఎప్పుడు?"

"శనివారం."

"ఆ తర్వాత తూర్పు పక్క చెయ్యి పెట్టినావా?"

"నువ్వు పెనుకొండ నుంచి రాకముందు ఆకు సర్దినా."

ఆయన అరిచిన అరుపుకు వీధిలో జనం నిలబడ్డారు. నలభై ఏండ్లు చేసినానంటావు, ఇదేనా నీకు తెలిసింది, నోటికి అంత ఆత్రమా, ఇంక షెడ్డు గడప తొక్కొద్దు అన్నాడు. ఆమె రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని నిలబడింది.

నేను వంటింటి తలుపు దగ్గర ఉన్నాను.

ఆగస్టు 14, బుధవారం

అత్తమ్మ పొద్దున్నే బస్సెక్కి ధర్మవరం కూతురు కల్పన ఇంటికి వెళ్లిపోయింది. వద్దని నేను అన్నాను. ఆమె విన్నదో లేదో. ఆమె పక్కన పెట్టిన రోలు అట్లాగే ఉంది, చీమలు పట్టాయి.

ఆగస్టు 15, గురువారం

పొగాకే. సారు కూడా పొగాకు అనే కదా అన్నాడు. ఆమే శనివారం ముట్టానని ఒప్పుకుంది కదా. నేనెవర్ని మధ్యలో.

ఆగస్టు 19, సోమవారం

పడమటి పక్కవి గూళ్లు కట్టుకున్నాయి. సగం పంట. ఆయన చచ్చిన పురుగుల్ని గుంత తవ్వి సున్నం వేసి పూడ్చాడు. వచ్చే బ్యాచికి షెడ్డంతా బ్లీచింగు కొట్టి కడుగుతున్నాం. ఆయన అన్నం తింటూ, "అమ్మ లేకుంటే ఈ గోడలకు సున్నం ఎంత కొట్టల్లో కూడా నాకు తెలీదు" అన్నాడు. నేను మజ్జిగ పోశాను.

కల్పన ఫోన్ చేసింది. "వదినా, అమ్మ ఏందో మాదిరిగా ఉండాది. మా ఇంట్లో మగ్గం ఉండాది కదా, ఎప్పుడొచ్చినా కూర్చొని కండెలు చుట్టి ఇచ్చేది. ఈసారి పట్టు నూలు ముట్టుకోనంటాంది. నా చెయ్యి మంచిది కాదు, దూరంగా పెట్టు అంటాంది. నా బిడ్డకు జడ వెయ్యమంటే కూడా వెయ్యలే."

జడ కూడా వెయ్యలేదంటే మరీ అతి. కొన్నాళ్లకు సర్దుకుంటుంది. పెద్దవాళ్లకు ఒకటి పట్టుకుంటే వదలరు.

శనివారం నేను తూర్పు పక్క ఆకు వేసిన మాట ఆయనకు తెలియదు. ఆయన అడగలేదు కూడా.

ఆగస్టు 26, సోమవారం

కొత్త పురుగులు వచ్చాయి. ఇద్దరమే. ఆకు ఎంత సన్నగా వెయ్యాలో ఆయన ఒకటంటాడు నేనొకటంటాను. ఆమె ఉంటే ఇద్దర్నీ కలిపి తిట్టేది.

ప్రియ ఫోన్ చేసింది. "అవ్వ ఏది, అవ్వకు ఇయ్యి" అంది. ధర్మవరం పోయిందన్నాను. "పురుగులు ఉన్నప్పుడు అవ్వ యాడికీ పోదు కదా?" అంది.

ఆగస్టు 27, మంగళవారం

చిమ్ముతుంటే మూలన సంచి కాలికి తగిలింది. అల్లాబక్ష్ అన్న ఇచ్చిన చీనీకాయలు, ఇంకా ఆరు మిగిలాయి. తోలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే తొడిమ దగ్గర తెల్లగా, ఆరిన మరకలా ఉంది. గోటితో గీకితే పొడి రాలింది.

బకెట్టు. గోనెపట్టలు.

కాదు. నీళ్లు కొన్నే చల్లాను. పట్టల మీద చల్లాను, ఆకు మీద కాదు. బకెట్టెడు నీళ్లలో మందు ఎంతని ఉంటుంది.

గోనెపట్టలు ఆకుకు ఆనుకునే ఉంటాయి.

ఆగస్టు 28, బుధవారం

ఈ నోటుబుక్కు ముందు సగంలో ప్రియ రాసుకున్న సైన్సు పాఠం ఉంది. పరీక్ష చేసేటప్పుడు రెండు పెట్టాలి, ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఒకేలా ఉంచాలి అని గుండ్రటి అక్షరాలతో రాసింది. కింద ఎర్ర సిరాతో టీచరు టిక్కు పెట్టింది.

ఆయన తోటకు పోయాక షెడ్డులో నుంచి ఇరవై పురుగుల్ని తెచ్చాను. రోల్స్ కాల్చిన రేకులు రెండు. పది ఇందులో, పది అందులో. ఒకదానికి ట్యాంకు నీళ్లు చల్లిన ఆకు. రెండోదానికి ఆ ఆరు కాయలు గంటసేపు నానబెట్టిన నీళ్లు చల్లిన ఆకు. రెండూ అటక మీద పెట్టి జల్లెడలు బోర్లించాను.

ఇవి చావకూడదు. చావవు. చావకపోతే ధర్మవరం పోయి చెప్పే మాట మరిచిపోతాను, మళ్లీ ఈ సంగతి ఎత్తను.

ఆగస్టు 29, గురువారం

మొదటి రేకులో పదీ మేస్తున్నాయి.

రెండో రేకులో పదీ ముడుచుకుపోయాయి.

సెప్టెంబరు 1, ఆదివారం

చెప్పలేదు. మొన్న చెప్దామనుకుంటే ఆయనకు తలనొప్పి. నిన్న చెప్దామనుకుంటే పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. ఇప్పుడు లేచాయి, మేత పని. ఈ ఇంట్లో నిజం చెప్పడానికి పురుగులు ఖాళీ ఇవ్వవు.

అబద్ధం. పురుగులు కాదు, భయం. చెప్తే ఆయన అరుస్తాడని కాదు. అరవడానికి పోయి ఆగిపోతాడు, వాళ్లమ్మను ఏమన్నాడో గుర్తొస్తుంది, నా వైపు చూస్తాడు. ఆ చూపు నాకు భయం. ఇంకా చిన్న భయం ఒకటి ఉంది, రాయడానికే సిగ్గుగా ఉంది. బిడ్డ నా చెయ్యి పట్టుకున్నది ఆ రోల్స్ వల్లే. ఆ ఒక్క ఆదివారాన్ని ఎవరూ తప్పు అనకూడదు.

ఆమె అక్కడ తన చేతుల్ని కొంగు కింద దాచుకుని కూర్చుంది. ఇరవై రోజులుగా.

సెప్టెంబరు 3, మంగళవారం

ధర్మవరం పోయి వచ్చాను. ఆయనకు అత్తమ్మను చూసి వస్తానని చెప్పాను. బస్టాండుదాకా బండి మీద దింపాడు.

కల్పన ఇంట్లోకి అడుగు పెడితే మగ్గం చప్పుడు. ఆమె పెనిమిటి నేస్తున్నాడు. అత్తమ్మ మగ్గానికి దూరంగా, వాకిలి అరుగు చివర్న కూర్చుని ఉంది. చిక్కిపోయింది. చేతులు కొంగు కిందే ఉన్నాయి. కల్పన నీళ్లు ఇచ్చి లోపలికి పోయింది. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎగిరిపోయి, ఉన్నదున్నట్టు కక్కేశాను. చీనీకాయలు, మందు, బకెట్టు, గోనెపట్టలు, రెండు రేకులు, పది పురుగులు. ఆమె మధ్యలో ఒక్కసారే అడిగింది. "ఆ నీళ్లు ఏంటికి చల్లినావు?"

"కడిగిన నీళ్లు పారబోయకూడదు కదత్తా."

ఆమె వీధిలోకి చూసింది. తర్వాత, "ఆ పొద్దు తూర్పు పక్క నువ్వే వేసినావని నాకు గుర్తుండాది" అంది.

"గుర్తుంటే మరి ఆయనకు ఏంటికి చెప్పలేదత్తా?"

"ఏమని చెప్పేది? పొగాకు నా తిత్తిలో ఉన్నింది. నీ చేతిలో ఏముండాదో నాకేం తెలుసు?"

అంత మామూలుగా అంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. కొంగు కింద నుంచి రెండు చేతులూ బయటికి తీసి, ముందు అరచేతులు చూసుకుంది, తర్వాత తిప్పి వెనక చూసుకుంది.

"అయితే నా చెయ్యి మంచిదే" అంది.

"మంచిదే అత్తా."

"ఇరవై దినాలు ఉంచుకున్నావే ఈ మాట కడుపులో." నా వైపు తిరిగింది. "బువ్వ ఎట్ల తిన్నావే?"

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

మళ్లీ ఆమే అడిగింది. "పురుగులు యాడికొచ్చినాయి?"

"ఎల్లుండి నాలుగో జ్వరానికి పడతాయి."

"ఎవురు చూస్తాండారు?"

"ఆయనొక్కడే."

"వానికేం తెలుసు" అని లేచి లోపలికి పోయి సంచి సర్దుకుంది. పోయే ముందు మనవరాల్ని కూర్చోబెట్టి, బస్సు పోతుందని కల్పన అంటున్నా వినకుండా, తల దువ్వి రెండు జడలు వేసింది.

బస్సులో నా పక్కనే కూర్చుంది. పెనుకొండ కోట కనపడ్డాక, "కేశవకు నువ్వే చెప్పల్ల. నేను చెప్పను. నువ్వు చెప్పేదాకా నేను షెడ్డులోకి పోను" అంది.

ఇంటికి రాగానే వాకిట్లోనే చెప్పాను. ఆయన అరవలేదు. "అమ్మను నేను అట్ల మాట్లాడినప్పుడు నువ్వు తలుపు దగ్గరే నిలబడి ఉన్నావు" అన్నాడు. అంతే. తర్వాత వాళ్లమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు. ఆమె, "జరుగు, షెడ్డుకు అడ్డం నిలబడినావు" అంది.

సెప్టెంబరు 5, గురువారం

ఆయన నాతో మాట్లాడటం లేదు. అత్తమ్మ అవసరానికే మాట్లాడుతుంది. షెడ్డు గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నేను బ్లీచింగు నీళ్లలో చేతులు కడుక్కుని లోపలికి పోబోతే, "చెయ్యి చూపించు" అంది. ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కో వేలూ వాసన చూసింది. చిన్నపిల్లను చూసినట్టు. దొంగను చూసినట్టు. తర్వాత పక్కకు జరిగింది.

సెప్టెంబరు 6, శుక్రవారం

మూడు పూటలా చేతులు వాసన చూసింది.

సెప్టెంబరు 8, ఆదివారం

ప్రియ దగ్గరికి వట్టి చేతులతో పోయాను. రోల్స్ ఏవి అంది. జరిగింది జరిగినట్టు చెప్పాను, పదమూడేళ్ల పిల్లకు చెప్పకూడదేమో, అయినా చెప్పాను. విని, గేటు ఊచలు పట్టుకుని, "అవ్వకు సారీ చెప్పినావా?" అంది.

ఆలోచించాను. అన్నీ చెప్పాను, ఆ ఒక్క మాటా చెప్పలేదు.

"పోయి చెప్పు. రోల్స్ నాకేం తొందర్లేదు" అంది.

ఇంటికి వచ్చి చెప్పాను. అత్తమ్మ ఆకు సర్దుతూనే, "ఊ" అంది.

సెప్టెంబరు 13, శుక్రవారం

పురుగులు పండాయి. అన్నీ గూటి తట్టలెక్కి గూళ్లు కట్టుకుంటున్నాయి. తూర్పు పక్కా, పడమటి పక్కా. ఆయన భోజనం దగ్గర, "కొంచెం నెయ్యి వెయ్యి" అన్నాడు. పది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

సెప్టెంబరు 20, శుక్రవారం

ఆయన పొద్దున్నే గూళ్లు తీసుకుని హిందూపురం మార్కెట్టుకు పోయాడు. షెడ్డు ఖాళీ. అత్తమ్మ అంగడికి పోయి పొగాకు తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. నమిలి, ఉమ్మి, కళ్లు మూసుకుంది. తర్వాత నన్ను పిలిచింది.

"రేపు బిడ్డను ఒక పొద్దు ఇంటికి పంపిస్తారంట కదా. ఆ చీనీ రొట్టె చెయ్యి. నాకోటి ఇస్తే తినలే ఆ పొద్దు."

కాయలు నేనే పోయి అల్లాబక్ష్ అన్న దగ్గర తెచ్చాను. నీళ్లు మార్చి మార్చి మూడుసార్లు రుద్ది కడిగాను. కడిగిన నీళ్లన్నీ బకెట్లో నిండాయి. చేత్తో పట్టుకుని పెరట్లో నిలబడిపోయాను. ఆవు గాబు ఒక పక్క, కరివేపాకు చెట్టు ఒక పక్క, గోనెపట్టలు దండెం మీద. ఎక్కడ పోయాలో తోచలేదు.

అత్తమ్మ లేచి వచ్చి బకెట్టు నా చేతిలో నుంచి తీసుకుంది. మోకాళ్ల నొప్పితో ఒక్కో అడుగే వేస్తూ, చెట్టు దాటి, గాబు దాటి, వీధి దాటి, అవతలి మురుగు మోరీ దగ్గరికి పోయి బకెట్టు బోర్లించింది. ఆఖరి చుక్క పోయేదాకా నిలబడింది. తిరిగి వచ్చి ట్యాంకు నీళ్లతో బకెట్టు కడిగి, ఆ నీళ్లు కూడా తీసుకుపోయి పారబోసింది. పదిహేనేళ్లలో ఆమె నీళ్లు పారబోయడం ఇవాళే చూశాను.

చేతులు తుడుచుకుని వంటింట్లోకి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, తురుము పీట తన ముందుకు లాక్కుంది. ఒక చీనీకాయ తీసుకుని, "తెల్లది తగలకూడదు, అంతే కదా?" అంది.

అంతే అత్తా అన్నాను.